మొదటి గంటకు గైర్హాజరు

డిగ్రీ రెండో సంవత్సరం మొదలైన వారానికి, స్కాలర్‌షిప్ ఆగిపోయినవాళ్ళ జాబితా కాలేజీ నోటీసు బోర్డు మీద అంటించారు. నా రోల్ నంబరు కింది నుంచి రెండోది. పక్కన కారణాలు రాశారు: హాజరు తక్కువ, ఒక పేపరు తప్పింది. రెండూ నిజమే. అయినా ఆ కాగితం ముందు నిలబడినప్పుడు నాకు సిగ్గు వేయలేదు. కోపం వచ్చింది.

మాది అండమాన్‌లో హోప్ టౌన్. నాన్న దీవుల మధ్య తిరిగే ఓడలో లష్కర్. తాళ్ళు వేయడం, డెక్ కడగడం ఆయన పని. అమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండేది. కాలేజీ నీళ్ళకు అవతల, పోర్ట్ బ్లెయిర్‌లో. ఏటా అన్ని పేపర్లూ పాసవ్వాలి, హాజరు నూటికి డెబ్భై ఐదు ఉండాలి, అప్పుడే స్కాలర్‌షిప్ కొనసాగుతుంది. చేరిన రోజే ఆ షరతు కింద సంతకం పెట్టాను. తెలియదని నేనెప్పుడూ అనలేదు.

మొదటి సంవత్సరం రెండో సెమిస్టరులో మా జెట్టీ నుంచి పొద్దున్నే కదిలే బోటు రిపేరుకు వెళ్ళింది. ఆ తర్వాతి బోటు ఎక్కితే కాలేజీ గేటు చేరేసరికి ఎనిమిదింబావు దాటేది. పక్క ఊరు బాంబూఫ్లాట్ వెళ్ళి అక్కడి ఫెర్రీ పట్టుకుందామన్నా ఆ వేళకు బస్సు లేదు. మొదటి గంట కెమిస్ట్రీ, సరిగ్గా ఎనిమిదికి. పేర్లు పిలవడం అవగానే మేడమ్ తలుపు వేసేవారు. మొదటి గంటకు లేకపోతే సగం రోజు పోయినట్టు లెక్క. నేను వరండాలో కిటికీ పక్కన నిలబడి, పుస్తకం గోడకు ఆనించి నోట్సు రాసుకునేదాన్ని. అక్కణ్ణుంచి బోర్డు సగమే కనబడేది. పరీక్షలో ప్రశ్నలన్నీ ఆ కనబడని సగంలోంచే వచ్చాయనిపించింది. తప్పింది ఆ పేపరే.

అంతకు ముందే హాస్టల్‌కు దరఖాస్తు పెట్టాను. నేను స్థానికురాలిననీ, హాస్టల్ దూరపు దీవుల పిల్లలకనీ జవాబు వచ్చింది. ఆ కాగితం పారేయలేదు.

జాబితా చూసి నేరుగా ఆఫీసుకు వెళ్ళాను. స్కాలర్‌షిప్పులు చూసే క్లర్కు లంబాలైన్‌లో ఉండే తెలుగాయన. మంచి మనిషి. నా మొహం చూడగానే కుర్చీ చూపించారు.

"టెన్షన్ మత్ లో అమ్మా. ఒక మెడికల్ సర్టిఫికెట్ లగాదో. టైఫాయిడ్ వచ్చిందని రాయి. కమిటీ మాఫ్ చేసేస్తది."

"నాకు టైఫాయిడ్ రాలేదు సార్."

"అందరూ అదే రాస్తారు. దాంతోపాటు మాఫీ లెటర్ ఒకటి పెట్టు. ఇకమీదట అలా చెయ్యను అని."

"అలా అంటే ఎలా సార్?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "జిద్ది పిల్లవి నువ్వు, మొండిదానివి," అన్నారు.

ఇంట్లోనూ రాసెయ్యమన్న మాటే. ఆ వారం నాన్న ఓడ దిగి ఇంట్లోనే ఉన్నాడు. అంతా విని, "సార్ సెప్పినట్టు రాసీయే. కాగితమే కదా. ఓడ మీద నేను రోజుకి పదిసార్లు సారీ సాబ్ అంటాను. నాకేటి తగ్గిపోయింది?" అన్నాడు.

"నువ్వు అంటన్నావు కాబట్టే నేను అనను నాన్నా."

ఆ మాట అన్నాక నాన్న మొహం చూడలేకపోయాను. ఆయన లేచి బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోవాలని నాకు లేదు. కొంచెం మెత్తగా చెప్పి ఉండాల్సింది, అంతే.

అమ్మ చేపలు తోముతూ వింటోంది. తల ఎత్తకుండానే అడిగింది. "ఇప్పుడే టైఫాయిడ్ అని రాసీస్తే, రేపు నిజంగా జరం వస్తే ఏటి రాస్తావు?"

మర్నాడు మధ్యాహ్నం క్లాసులు అయ్యాక మా జెట్టీ దగ్గర దిగి నేరుగా ఇన్‌చార్జ్ గదికి వెళ్ళాను. ఏ బోటు ఎప్పుడు కదిలిందో, ఏది రద్దయిందో రాసే రిజిస్టరు ఆయన దగ్గర ఉంటుంది. అడిగితే, అది సర్కారీ రిజిస్టర్ అని మూసేశాడు.

"భయ్యా, ఫోటో తియ్యను. ఇక్కడే కూర్చుని రాసుకుంటాను," అని హిందీలో అడిగాను. ఎందుకని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రిజిస్టరు మళ్ళీ తెరిచి నా వైపు తోశాడు. మూడు మధ్యాహ్నాలు కూర్చుని ఆ సెమిస్టరు మొత్తం రాసుకున్నాను. మూడో రోజు ఆయనే అడగకుండా ప్రతి కాగితం మీదా స్టాంపు వేసి సంతకం పెట్టాడు.

కమిటీకి దరఖాస్తు ఇంగ్లీషులో రాశాను. అమ్మకు తెలుగులో చెప్పి వినిపించాను.

"ఇందులో దణ్ణాలూ బతిమాలడాలూ ఏవీ?" అంది.

"లేవమ్మా."

"సరే. ఇచ్చీ."

కమిటీ ముందుకు పిలిచారు. కమిటీ అంటే ముగ్గురు. ప్రిన్సిపాల్, ఒక సీనియర్ లెక్చరర్, ఆయన పక్కన మా కెమిస్ట్రీ మేడమ్. ప్రిన్సిపాల్ నా కాగితాలు రెండుసార్లు తిప్పి, "క్షమించమని ఒక్క వాక్యమైనా లేదే?" అన్నారు.

హాస్టల్ వాళ్ళ జవాబు ఒక పక్క, బోటు వేళలు ఒక పక్క పెట్టాను.

"హాస్టల్ అడిగితే నేను దగ్గర అన్నారు సార్. క్లాసుకు ఆలస్యమైతే దూరం నా సమస్యన్నట్టు గైర్హాజరు వేశారు. ఏదో ఒకటి తేల్చండి. దగ్గరైతే నన్ను ఎనిమిదికి తెచ్చే బోటు చూపించండి. దూరమైతే హాస్టల్ ఇవ్వండి."

"ఎవరితో మాట్లాడుతున్నావో గుర్తుందా?" అన్నారు లెక్చరర్.

"ఉంది సార్. అందుకే రాసి తెచ్చాను." "పేపరు తప్పింది మాత్రం నేనే. మళ్ళీ రాస్తాను. దానికి మినహాయింపు అడగడం లేదు."

అప్పటిదాకా మాట్లాడని మేడమ్ అన్నారు. "ఈ అమ్మాయి క్లాసు ఎగ్గొట్టలేదు సార్. రోజూ వరండాలో నిలబడి రాసుకునేది. నాకు కనబడేది."

ఆ క్షణంలో నాకు కృతజ్ఞత కలగాలేమో. కలగలేదు. ఆ నెలలన్నీ ఆవిడ నన్ను చూస్తూనే ఉన్నారన్నదొక్కటే బుర్రలో తిరిగింది.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. హాజరు లోటు దయతలచి మన్నించడమైనది, స్కాలర్‌షిప్ ఒక్క సెమిస్టరు పాటు షరతు మీద కొనసాగుతుంది, తప్పిన పేపరు ఈసారీ తప్పితే శాశ్వతంగా రద్దు. హాస్టల్ ఊసే లేదు.

దయతలచి అన్న మాట తీసేయమని క్లర్కు దగ్గరికి వెళ్ళాను.

"మిల్ గయా నా. వచ్చింది కదా, తీసుకెళ్ళు. సంతకం అయిపోయిన లెటర్ నేను మార్చలేను."

ఉత్తరం ముట్టినట్టు రిజిస్టరులో సంతకం చేయమన్నారు. సంతకం పైన తెలుగులో రాశాను: సహాయం అందింది, దయ అడగలేదు. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది చర్చిలో పాటల పుస్తకం పట్టుకునే. మా వయసు పిల్లల్లో చాలామందికి మాట్లాడటమే వచ్చు.

క్లర్కు ఆ వాక్యం చదివి, "తెలుగులో ఎందుకు రాశావు?" అన్నారు.

"మీరు చదవగలరని సార్."

ఆయన ఆ వాక్యం పక్కన స్టాంపు వేశారు.

ఆ సెమిస్టరులో పొద్దుటి బోటు మళ్ళీ నడిచింది. గాలివానకు అది ఆగిపోయిన రోజులూ ఉన్నాయి. మేడమ్ అప్పటి నుంచి పేర్లు గంట చివర పిలవడం మొదలుపెట్టారు. నా ఒక్కదాని కోసమని అనలేదు, నేను అడగలేదు. సందేహాలుంటే మాత్రం స్టాఫ్ రూముకు వెళ్ళేదాన్ని. ఆవిడ చెప్పేవారు. అంతకు మించి మా మధ్య మాటలు లేవు.

తప్పిన పేపరులో అరవై రెండు వచ్చాయి. హాజరు సరిపోయింది. మార్కుల కాగితం తీసుకుని ఆఫీసుకు వెళితే, షరతు ఎత్తేశామని క్లర్కు నోటితో చెప్పి, ఇక వెళ్ళమన్నారు.

"అది కాగితం మీద కావాలి సార్."

"ఫైల్లో ఉంటుందిలే అమ్మా."

"ఫైలు మీ దగ్గర ఉంటుంది. నా దగ్గర ఒకటి ఉండాలి."

ప్రిన్సిపాల్ భోజనానికి వెళ్ళారు, గంట పడుతుందన్నారు. బెంచీ మీద కూర్చున్నాను. గంటన్నరకు ఉత్తరం వచ్చింది. ఈసారి రెండే వాక్యాలు, దయతలచి అన్న మాట లేదు. నిలబడే రెండుసార్లు చదివి, తేదీ, సంతకం, స్టాంపు మూడూ చూసుకున్నాక సంచిలో పెట్టుకుని జెట్టీకి నడిచాను.