ఒట్టు పెట్టి వదిలేసిన కారు

మా నాయన చిత్తూరులో బెల్లం మండీ నడిపేవాడు. మండీవాళ్ళు కారు కొంటే ఇంటిల్లిపాదీ ఎక్కేది కొంటారు. నాయన మాత్రం నీలగిరుల్లో టీతోట అమ్ముకుని సొంత దేశానికి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర రెండు సీట్ల కారు కొని తెచ్చాడు. పైన టాపు లేదు, మడిచిపెట్టుకునే గుడ్డ ఒకటి ఉంది. కూర్చుని తలుపు మీద నుంచి చెయ్యి చాపితే నేల తగిలేటంత కిందికి ఉండేది. కోతికి కొబ్బరికాయ దొరికిందని బజారంతా నవ్వింది.

దాని చరిత్ర వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. యుద్ధం అయ్యాక ఇంగ్లండులో ఇలాంటివి చేశారట. పెద్ద కార్లు కొనలేని కుర్రకారు వారమంతా ఇందులోనే పనికి పోయి, ఆదివారం ఇదే కారుతో పందేలకు దిగేవాళ్ళట. ఇంజను చిన్నది, లోపలి చట్రం కొయ్యది, పైన పల్చటి రేకు. "బలంతో గాదబ్బా ఇది పరిగెత్తేది, తేలికతో," అనేవాడు. నమ్మనివాళ్ళకు హమాలీల చేత వెనక వైపు ఎత్తించి చూపించేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తిరుపతి రోడ్డు పట్టాడంటే, మలుపు దగ్గర ఆయన చెయ్యి కదిలీ కదలకముందే బండి తిరిగేది. రోడ్డు మీద గులకరాయి ఉన్నా నా నడుముకు తెలిసేది. ఆ సుఖం ఇంకే కారులోనూ నాకు దొరకలేదు. అమ్మ మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. "నడివీధిలో పీటేసుకోని కూసున్నట్టుంటాది, నేను రాను," అనేది.

ఒక వానాకాలం కారు జారి కల్వర్టు గోడకు గుద్దుకుంది. నాయనకు భుజం ఎముక విరిగింది. కట్టు విప్పిన వారంలోనే అమ్మ ఆయన్ను కాణిపాకం తీసుకుపోయింది. అక్కడి వినాయకుడి ముందు ఒట్టు పెట్టి తప్పినవాడు బాగుపడడని మా వైపు గట్టి నమ్మకం. సారా మానేస్తామని తడిబట్టలతో నిలబడ్డవాళ్ళ వరసలో నాయనా నిలబడి, ఇక స్టీరింగు ముట్టనని ప్రమాణం చేశాడు. పూజారికి కూడా నవ్వాగలేదు. కారును బాగు చేయించి మండీ వెనక కొట్టంలో పెట్టాడు. దాన్ని అమ్మలేదు, ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. వేలూరు నుంచి మెకానిక్కు నెలకోసారి వచ్చి ఇంజను స్టార్టు చేస్తే, పక్కన నిలబడి వినేవాడు.

రెండేళ్ళ తరువాత ఒక పొద్దున పాకాల నుంచి మండీకి ఫోను వచ్చింది. మా అమ్మమ్మకు ఊపిరి ఆడటం లేదు, కూతుర్ని అడుగుతోంది. బస్సు అప్పుడే వెళ్ళిపోయింది. అవి పెళ్ళి ముహూర్తాల రోజులు, ఊళ్ళో ఒక్క టాక్సీ ఖాళీ లేదు. మండీ లారీలు మద్రాసు వెళ్ళి ఉన్నాయి, కారు తోలగల డ్రైవర్లూ వాటితోనే పోయారు. అమ్మ తిన్నగా కొట్టం దగ్గరికి పోయి తలుపులు బార్లా తీసింది.

"నేనే గదా ఒట్టు పెట్టించింది. ఇప్పుడు నేనే ఆ ఒట్టు వద్దంటా ఉండా. బండి తియ్యయ్యా."

"నీకు సెయ్యలే ఒట్టు. సామికి సేసినా," అన్నాడు నాయన.

అది మొండితనం కాదు. ఒట్టు తప్పితే ఆ దోషం దారిలోనే మా ఇద్దరి మీదా పడుతుందని నిజంగా నమ్మాడు. ఆ నమ్మకం నేర్పింది అమ్మే. ఆమె నా చెయ్యి పట్టుకుని స్టేషనుకు నడిచింది.

రైలు మధ్యాహ్నం వచ్చింది. మేము పాకాల చేరేసరికి మేనమామ వాకిట్లోనే ఉన్నాడు. "ఇప్పుడే పాయ అక్కా, పావుగంట గూడా కాలే. నీ కోసరమే వాకిలి తట్టు సూస్తా ఉన్నింది," అన్నాడు. తులసినీళ్ళు అత్తే పోసేసిందట. అమ్మ ఏడవలేదు. నేనూ ఏడవలేదు. ఏడవాలని తెలుసు, రాలేదు.

చిత్తూరుకు వచ్చాక అమ్మ నాయనను ఒక్క మాట అనలేదు. వేళకు అన్నం పెట్టింది, మంచినీళ్ళు పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. ఇల్లంతా మొద్దుబారిపోయింది. ఆ ఏడు ఏ పండుగ ఎలా చేసుకున్నామో నాకు గుర్తు లేదు.

చివరికి నాయన కారు అమ్మకానికి పెట్టాడు. మద్రాసు నుంచి ఒకాయన వచ్చి, ఒకసారి తోలి చూస్తానన్నాడు. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎన్నడూ ఎక్కని ఆ కారెక్కి ఆ మద్రాసాయన పక్కన కూర్చుంది.

"టైమెంతప్పా? పాకాల దాకా పోనీ," అంది.

"ఈ ఎండలో నీకెందుకు?" అన్నాడు నాయన. కారు అప్పటికే కదిలింది.

నాయన, నేను వీధి అరుగు మీద కూర్చున్నాం. వాళ్ళు తిరిగి వచ్చేసరికి అమ్మ ముడి ఊడి, జుట్టంతా దుమ్ము పట్టి ఉంది. దిగి కొంగు సర్దుకుంది. నాయన వైపు చూసి, కూరలో ఉప్పు చాల్లేదని చెప్పేటంత మామూలుగా చెప్పింది.

"పొయ్యేదానికి ముప్పావుగంట పట్టింది."

లోపలికి వెళ్ళిపోయింది. మద్రాసాయన కారు చుట్టూ తిరుగుతూ రేటు సంగతి ఎత్తాడు. బుట్టెడు బెల్లానికి కూడా గంటసేపు బేరమాడే మా నాయన ఆయన మొహం చూడలేదు.

"తీస్కపోప్పా," అన్నాడు.