పసుపు దారం కట్టిన చిక్కుడుకాయలు

మా పెరటి చిక్కుడు పందిరి మీద పసుపు దారం కట్టిన కాయలు తొమ్మిది ఉండాలి. ఆ ఉదయం చూస్తే ఒక్కటీ లేదు.

అవి కూరకు కాదు, విత్తనానికి. నెల్లికుదురులో మా అమ్మ ఏటేటా దాచిన ఎర్ర అంచు చిక్కుడు అది. అమ్మ పోయాక అక్కడి పెరడంతా సిమెంటు గచ్చయింది. ఆ రకం ఇక జనగామలో మా పందిరి మీదే మిగిలింది. ఉన్న గింజలన్నీ వానకాలంలో విత్తేశాను, డబ్బా ఖాళీ. లావైన కాయలకు పసుపు దారం కట్టి, ఎవరూ తెంపకుండా గుర్తు పెట్టడం అమ్మ పద్ధతి.

నా అనుమానం నేరుగా గోడ అవతలికి పోయింది. అది కిరాణా కొట్టు వాళ్ల ఇల్లు. వారం కిందట రెండు పిడికెళ్ల కాయలిస్తే ఆ ఇల్లాలు, "అక్కా, విత్తనం ఏడ దెచ్చిండ్రు?" అని అడిగింది. ఊరికే అడుగుతారా ఎవరైనా? అడుగుతూ పందిరి వైపు చూసింది కూడా. నేను డిగ్రీలో తర్కశాస్త్రం చదువుకున్నదాన్ని. అడిగింది, చూసింది, కాయలు పోయాయి. ఇంకేం కావాలి?

గోడ దగ్గర నిలబడి పిలిచాను. "కాయలు తింటే తిన్నవ్, విత్తనం గూడ వదలవా?"

"ఏంది, నన్నేనా? నీ తొమ్మిది కాయలకు గోడ దూకుతనా?"

"నేను లెక్క జెప్పనే లేదు. తొమ్మిదని నీకెట్ల దెల్సు?"

"దారాలు పచ్చగ మెరుస్తుంటే గుడ్డోళ్లకు గూడ కనవడ్తయ్!"

అప్పుడే మా అత్తమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది. నాకు బలం వచ్చింది.

"అడుగు బిడ్డా, గట్టిగడుగు. గా దారాలు గట్టింది గీమెనే. మన పందిరికి బాణామతి జేసింది. పొద్దుగాల అన్నీ తెంపి నీళ్ల పొయ్యిల వెట్టిన. నువ్వు భయపడ్తవని జెప్పలే."

"అత్తమ్మా, ఆ దారాలు కట్టింది నేను."

అత్తమ్మ నమ్మలేదు. ఆమెది మొగుళ్లపల్లి. వాళ్లింట్లో విత్తనపు కాయలను పందిరి కొసన వదిలేస్తారు తప్ప దారం కట్టరు. "పసుపు దారం మంచికెవలన్న గడ్తరా? నీతోని ఎవలో గట్టిచ్చిండ్రు," అంటూ నన్ను పైకీ కిందికీ చూసింది.

గోడ అవతల నవ్వు మొదలైంది. "అయితే దొంగ మీ ఇంట్లనే ఉన్నదన్నట్టు!"

మా తీగ ఒకటి గోడ దాటి వాళ్ల వైపు పాకిందని అప్పుడు గుర్తొచ్చింది. గొంతు తగ్గించాను. నాకు అలవాటు లేని పని అది.

"నీ దిక్కు తీగకు ఎండిన కాయలేమన్న ఉన్నయా?"

"ఉన్నయ్. దొంగదాని దగ్గర విత్తనమెందుకక్కా?"

"తప్పయింది. అనొద్దుండె."

చాలాసేపు నిలబెట్టి, అయిదు కాయలు తెచ్చి గోడ మీద పెట్టింది. "రెండు నేనుంచుకున్న. ముందే చెప్తున్న, మళ్ల దొంగ అంటవ్."

ఆమె ముందే ఒక కాయ చిట్లగొట్టి చూశాను. నల్లటి గింజ, దాని అంచున తెల్లటి గీత. మాదే. ఆమె మూతి తిప్పింది. తిప్పనీ, విత్తనం దగ్గర నేను మొహమాటపడను.

ఇంట్లోకి వచ్చి గింజలను నీళ్ల పొయ్యిలోని బూడిదలో కలిపి, అత్తమ్మకు చూపించి మరీ డబ్బాలో పోశాను. ఆమె డబ్బా లాక్కుని వాసన చూసింది.

"బూడిదేడిది?" అని అడిగింది.