పొగగొట్టం బయటికే ఉండాలి

అల్ వక్రా దాటి దక్షిణంగా, మా యజమాని చలికాలం సరదాకి ఇసుకలో వేసుకున్న క్యాంపుకు జనవరిలో చేరాను. రెండు గుడారాలు, ఒక జనరేటర్, నీళ్ల ట్యాంకు, మేం పడుకోవడానికి చక్రాల మీద ఇల్లులాంటి కారవాన్. సైన్యంలో పదిహేడేళ్లు చేసి వచ్చినవాణ్ణి. ఖతర్‌లో నా పని డ్రైవరే. అయినా ఆ చలికాలాన్ని పోస్టింగ్ అనే అంటాను. పగలు చొక్కా చాలు. పొద్దుగూకితే వాయవ్యం నుంచి గాలి మొదలవుతుంది. ఖతర్‌లో చలేమిటని మీరు నవ్వుతారు. రేకు డబ్బాలో పడుకుని చూడండి.

నాతో ఉన్నది వంటమనిషి మల్లయ్య, జగిత్యాల వైపువాడు. చేతికి వాకీటాకీ ఇస్తే ఊరుకునేవాడు కాదు.

"ఫౌజీ సార్, చాయ్ తయారున్నది. ఓవర్."

"ఇక్కడే ఉన్నాను కదయ్యా, కేకేస్తే సరిపోదా?"

"అట్లయితే నేను సిపాయినెట్లయిత? ఓవర్."

యజమాని హీటర్ ఎంపిక నాకే వదిలాడు. ఫౌజీవి, చలి సంగతి నీకే తెలుసు అన్నాడు. కరెంటుది పనికిరాదు, మోత పడదని రాత్రి జనరేటర్ ఆపేస్తారు. గ్యాస్‌ది లోపలి గాలినే తాగేస్తుంది. డీజిల్‌ది బయటి గాలి లాక్కుని, పొగను గొట్టంలో బయటికే వదులుతుంది. లడాఖ్ బంకర్లో మాకు బుఖారీ అని కిరోసిన్ పొయ్యి ఉండేది. అది మండినంతసేపూ ఒకడు మేలుకొని ఉండాలని ఆర్డర్. డీజిల్‌దే కావాలన్నాను. దుకాణంవాడు వారం ఆగమన్నాడు.

ఆ వారమంతా మల్లయ్యతో పోరే. అతిథుల గుడారంలో కాఫీకి బొగ్గుల కుంపటి పెడతాం. వాళ్లు వెళ్లాక నిప్పుల్ని ఇసుకలో పోయాలి. మల్లయ్య వాటిని కారవాన్‌లోకి మోసుకొచ్చేవాడు. నేను తీసుకెళ్లి పారబోసేవాణ్ణి.

"పొగనే లేదు గద సార్. మా ఇంట్ల బాలింత మంచం కింద గిట్లనే పెడ్తరు."

"మీ ఇంట్లో పెంకుల సందుల్లోంచి గాలి వస్తుందయ్యా. ఇది మూసిన డబ్బా. ప్రాణం పోతుంది."

"మాఫీ ముష్కిల్ సార్, ఏం గాదు" అని నవ్వాడు.

వారం చివర సాయంత్రం నాకు యజమాని ఆర్డర్ వచ్చింది. యజమాని కుటుంబాన్ని దోహాలో దింపాలి, పొద్దున్నే హీటర్ తీసుకుని తిరిగి రావాలి. క్యాంపుకు కాపలా మల్లయ్య ఒక్కడే. కుంపటి ముట్టుకోవద్దని మళ్లీ చెప్పాను.

"మీరు హీటర్ పట్కరాండ్రి. యల్లా, నడువుండ్రి" అన్నాడు.

ఎండెక్కాక వచ్చాను. పిలిస్తే పలకలేదు. తలుపు లోపల గడియ. కిటికీ అద్దం పగలగొట్టి దూరాను. చలిగాలి రాకుండా పైకప్పు కంతలో తువ్వాలు కుక్కి ఉంది. మంచం పక్కన కుంపటి, నిండా తెల్లటి బూడిద. మల్లయ్య బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. బతికే ఉన్నాడనుకున్నాను. బయటికి లాగి, గుండె మీద నొక్కాను, నోట్లోకి ఊపిరి ఊదాను. ఆ బొగ్గుల విషం మనిషిని చంపి ఒంటికి ఎరుపు తెస్తుందని తర్వాత అంబులెన్స్ మనిషి చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, మల్లయ్య మీదే. అదింకా పోలేదు.

శవపేటికతో నేనే వచ్చాను. గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే అనే వాళ్ల ఊళ్లో, అతని భార్య మూత తీయించింది. చాలాసేపు చూసింది. తర్వాత చెంప నిమిరింది.

"చూడు అన్నా, దుబాయ్ పోయి ఎట్ల రంగు తేలిండో" అంది.

ఎర్రటి ఆ చెంప మీద ఆమె చెయ్యి అలాగే ఉంది.