తీసుకునేవాళ్ళ వరుస

సేవ చేయమని మీ పిల్లలను ఒక ఊరికి పంపేముందు, ఆ ఊరి బిడ్డ వాళ్ళ తరగతిలోనే ఉందేమో మీరెప్పుడైనా చూశారా?

మొన్న ఒడిశా తీరంలోని గోపాలపూర్‌లో విద్యార్థులు సబ్బులు పంచుతుంటే ఆ వాసనకు ఉలిక్కిపడ్డాను. నేను బరంపురంలో హాస్టల్లో ఉండి ఐదో తరగతి చదువుతున్నప్పుడు, బడివాళ్ళు మమ్మల్ని సేవకని ఆర్యపల్లి తీసుకెళ్ళారు. సముద్రపు ఒడ్డున జాలర్లుండే ఆ పల్లె మా ఊరే. టీచరమ్మ నా చేతిలోనూ ఒక సబ్బు పెట్టారు. పంచమన్నారనుకుని, గర్వంగా ఎదుటి వరుసలో ఉన్న మా నాయనమ్మకు అందించబోయాను.

“నీకే అది. ఫొటోకి అటు నిలబడు,” అంటూ టీచరమ్మ నన్ను తీసుకునేవాళ్ళ వరుసలోకి నెట్టారు. బస్సులో నా పక్కన పాడుతూ వచ్చిన స్నేహితురాలు ఇప్పుడు ఎదుటి వరుసలో సబ్బులు పట్టుకుని ఉంది.

నాయనమ్మ ఊరుకోలేదు. “ఏటమ్మా, మా గుంట రోజూ మీ పిల్లల పక్కనే కూకుంటాది కదా! నిన్నటిదాకా లేని మురికి ఇక్కడికొత్తే అంటుకుందేటి? సేవకొచ్చారా, అయితే రండి, వలొత్తంది, తాడట్టుకోండి!”

మా తీరంలో వల లాగేటప్పుడు ఎవరొచ్చినా ఓ చెయ్యి వేస్తారు. వేసినవాళ్ళకు గుప్పెడు చేపలిస్తారు. ఏ కులమని అడగరు.

“బట్టలు పాడైపోతాయి,” అని టీచరమ్మ అందరినీ బస్సెక్కించేశారు.

ఇచ్చేవాళ్ళెవరో, చేయి చాపాల్సిందెవరో పదేళ్ళ పిల్లలకు ఆ పూట నేర్పేశారు.

మీ బడి రేపు సేవకు బయల్దేరితే సబ్బులు కొనకండి. ముందు ఆ ఊరికి వెళ్ళి, ఏ పనికి మనుషులు కావాలో అడగండి. ఆ పనే మీ పిల్లల చేత, ఆ ఊరి పిల్లలతో కలిపి చేయించండి.