మూడో అంతస్తు కర్టెన్లు

మా ఆయన నోట్లో నాలుక లేని మనిషని వీధంతా అంటుంది. నిజమే, జన్మలో గట్టిగా ఒక్క మాటే అన్నాడు. ఆ ఒక్క మాటతో మూడో అంతస్తు నర్సమ్మ కొంప ముంచాడు.

ఆయన టైలర్. పాత అపార్టుమెంటులో మెట్ల కింద గదే మా కుట్టుకొట్టు, దాని వెనకాలే మా కాపురం. చొక్కా బిగుతైందని ఎవరైనా తెచ్చిస్తే విప్పి మళ్లీ కుట్టేవాడు తప్ప విసుక్కునేవాడు కాదు. అందరూ ఇంటి తాళాలు ఆయన చేతికిచ్చి ఊళ్లకు వెళ్లేవాళ్లు. ఆ నమ్మకాన్ని బిల్డరు వాసన పట్టాడు.

చుట్టూ పాత ఇళ్లన్నీ కూలి అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. మాదీ పడగొట్టి కొత్తది కట్టి, ఎవరి ఫ్లాటు వాళ్లకు అప్పగిస్తానని బిల్డరు వచ్చాడు. నర్సమ్మ తప్ప అందరూ సంతకాలు పెట్టారు. బతుకంతా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసి కొనుక్కున్న ఇల్లు ఆమెది. పెళ్లి చేసుకోలేదు, నా అన్నవాళ్లు లేరు. మా ఆయన్ని తమ్ముడూ అని పిలిచేది. బిల్డరు ఈయన భుజం మీద చెయ్యి వేసి, "అన్నా, ఆవిడ నీ మాటే వింటుందట. కింద నీకో షాపు, నా బాధ్యత" అన్నాడు. ఈయన ఉబ్బి తబ్బిబ్బయ్యాడు.

బిల్డరు ఇచ్చిన రంగుల పుస్తకం పట్టుకుని పైకెళ్లి చదివి వినిపించాడు. లిఫ్టుంటుందట, కిటికీలు నేల నుంచి పైకప్పు దాకా ఉంటాయట.

"నాకెందుకో మనసొప్పడం లేదు తమ్ముడూ. నువ్వు చెప్పు, పెట్టమంటావా?"

"పెట్టక్కా. పూచీ నాది."

పూచీ! సొంతానికో గొడుగు కూడా లేని మనిషి ఇచ్చిన పూచీ. ఆమె సంతకం పెట్టేసింది.

బిల్డింగు కూలింది. గొయ్యి తవ్వారు. అంతే. ఫ్లాట్లవాళ్లు కోర్టుకెక్కారు, బిల్డరు ఫోనెత్తడం మానేశాడు, గోతిలో వాననీళ్లు నిలిచి నాచు పట్టాయి. మేం ఎవరిదో వరండాలో మిషన్ వేసుకున్నాం. నర్సమ్మ సందు చివర అద్దె గదిలో చేరింది. షుగరుతో చూపు పోయింది, ఆ తర్వాత జారిపడి తుంటి విరిగి మంచాన పడింది. తన ఇంట్లోనే కన్ను మూయాలి, ఆమెకున్న కోరికల్లా అదొక్కటే.

"ఎంతవరకొచ్చింది తమ్ముడూ?" అని మేం వెళ్లినప్పుడల్లా అడిగేది.

"పునాదులయ్యాయక్కా" అన్నాడు మొదటిసారి. తర్వాత మొదటి స్లాబు వేశాడు. కొన్నాళ్లకు రెండోది. అక్కడికొచ్చేసరికి భయమేసి, ఇసుక దొరకడం లేదని పని ఆపించాడు.

"నోటితో ఎన్ని అంతస్తులు కడతావయ్యా? రేపు ఆమె పైకెక్కుతానంటే ఏం చేస్తావ్?" అని ఇంటికొచ్చి దులిపేశాను.

"నిజం చెప్తే ఆ పూటే పోతుందే" అన్నాడు.

జ్వరం ముదిరి ఆమె తిండి మానేసిన రోజున ఈయన ఆగలేకపోయాడు. "మన మూడో అంతస్తు లేచిందక్కా! నీ గోడలు తట్టి చూసొచ్చా" అన్నాడు. ఆమె మమ్మల్ని పట్టుకుని లేచి కూర్చుంది. పాలు తాగింది. మంచం కింద పెట్టె తీయించి నీలం గుడ్డ ఇచ్చింది. కొత్తింటి కిటికీలకని ఎప్పుడో కొని దాచుకుందట.

"కొలతలు తీసుకుని కర్టెన్లు కుట్టుకురా. అవి కట్టేసి నన్ను తీసుకెళ్లు."

పిచ్చి మారాజు, టేపు మెడలో వేసుకుని నిజంగానే ఆ గోతి దగ్గరికి వెళ్లాడు. కంచె పట్టుకుని నిలబడి తిరిగొచ్చాడు. వచ్చి కుట్టాడు. నాకేనాడూ అంత శ్రద్ధగా ఒక్క బట్ట కుట్టలేదు.

తీసుకెళ్లి ఆమె ఒళ్లో పెట్టాం. కుట్టు మీద వేళ్లు పోనిచ్చి మురిసిపోయింది. తర్వాత అంచు పట్టుకుని జానలతో కొలుచుకుంటూ పోయింది. చివరికొచ్చి ఆగింది. మళ్లీ మొదటినుంచి కొలిచింది.

"తమ్ముడూ, ఇవి పాత కిటికీ కొలతలు కదూ?"

లేని కిటికీకి కొలతెక్కడిది? ఆమె పాత కర్టెన్లు కుట్టి కుట్టి అలవాటైన చెయ్యి, తనకు తెలిసిందే కత్తిరించేసింది.

"నేల దాకా ఉంటాయని నువ్వే కదరా చదివావు?"

నేనే చెప్పాను. "లేవలేదు వదినా. గొయ్యే ఉంది. ఒక్క ఇటుక కూడా పడలేదు."

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. కర్టెన్లు తడుముకుంటూ మడత పెట్టి ఆయన చేతికిచ్చింది. "అయితే నన్ను ఈ గదిలోంచే తీసుకుపోతారన్నమాట" అని గోడవైపు తిరిగి పడుకుంది. బిల్డింగు ఎంతవరకొచ్చిందని ఇక అడగలేదు. ఆ వారమే పోయింది.

మా ఆయన ఇప్పటికీ మిషన్ తొక్కుతున్నాడు. టేపు మాత్రం ముట్టుకోడు. కొలతలివ్వడానికి ఎవరొచ్చినా నన్ను పిలుస్తాడు.