పచ్చగువ్వల తరఫున జైనాబీ

అద్దంకి పక్కన మిరప కల్లాల్లో రంగు చెడిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ల ముఠాకు జైనాబీ మేస్త్రీ. పెళ్లై వచ్చిన నాటినుంచి ఆమె బతుకంతా మిరపకాయల మధ్యనే. పిల్లలు చంటివాళ్లుగా ఉన్నప్పుడు, పాలివ్వబోయే ముందు చేతులు మజ్జిగతో కడిగి, మళ్లీ సబ్బుతో కడిగి, అప్పటికీ నమ్మకం చాలక తన కనురెప్పకే వేలు తాకించి చూసుకునేది. మండకపోతేనే బిడ్డను ఎత్తుకునేది.

రైతు అంకమ్మరావు కల్లం అంచున ఒక మేడిచెట్టు ఉంది. మాఘం దాటాక ఆ ముఠాకు నీడంటే అదొక్కటే. పండ్లకోసం దానిమీద పచ్చగువ్వలు వాలతాయి: పసుపు కాళ్లు, బూడిదరంగు తల, భుజాన వంగపువ్వు రంగు మరక. ఆకుల్లో కలిసిపోతాయి; పండు తెగి పడినప్పుడే అవి ఉన్నాయని తెలుస్తుంది. పని మొదలుపెట్టే ముందు జైనాబీ ఒకసారి తలెత్తి వాటికోసం వెతకడం మామూలు.

ఈ ఏడు అంకమ్మరావు చెట్టుకింద ఎండిన ఎర్రటి తొక్కలు చూశాడు. ఎరుపంటే మిరపకాయే అనుకునే కన్ను అతనిది. గువ్వలు తన సరుకు చీల్చి తింటున్నాయని తేల్చి, విచారణైనా లేకుండా చెట్టుకు శిక్ష వేశాడు. పొద్దున్నే రంపం మిషనుతో మనిషి దిగాడు.

"ఆగన్నా," అంది జైనాబీ. "అది మేడితొక్క."

"నాకే చెప్తన్నావా? పుట్టినకాడ్నించీ మిరప పండిస్తన్నా."

"పండిచ్చావులే. చంటిబిడ్డకి పాలిచ్చావా?"

ఆడవాళ్లు నవ్వాపుకోలేక పైటచెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆమె అన్నం మూటలోని మజ్జిగతో, ఆపైన సబ్బుతో చేతులు కడుక్కుంది. ఒక తొక్క ఏరి కనురెప్ప మీద రుద్దుకుంది. చూస్తున్న రంపం మనిషి తన కళ్లు మూసుకున్నాడు. ఆమె కన్ను చెమర్చలేదు.

"ఇప్పుడు నువ్వు."

అంకమ్మరావు విసురుగా వంగి తొక్క అందుకోబోయాడు.

"ముందు చేతులు కడుక్కో. నీ వేళ్ల ఘాటు గువ్వల మీదికి నెట్టమాక."

కడుక్కున్నాడు. రుద్దుకున్నాడు. కన్నార్పకుండా నిలబడ్డాడు. ఎంతసేపు చూసినా మంట రాలేదు.

"మరి కాయల మీద రెట్టలో?" అన్నాడు, గొంతు తగ్గించి.

"కాయల కింది పట్టా అవతలికి లాగితే పోయేదానికి చెట్టు కొడతావా?"

అతని జవాబుకోసం ఎవరూ ఆగలేదు. ముఠా మొత్తం పట్టా అంచులు పట్టి, కేకలు వేసుకుంటూ, మిరప రాశిని ఎండలోకి లాగేసింది. రంపం ఆటో ఎక్కింది.

మధ్యాహ్నం అన్నం మూటలు మేడి నీడలోనే విప్పారు. అంకమ్మరావు కూడా వచ్చి ఒక పక్కన కూర్చున్నాడు. పైనుంచి సగం పొడిచిన పండొకటి అతని భుజం మీద పడింది.

"చూసుకో అన్నా," అంది జైనాబీ. "మండిద్దేమో."