ఆవగింజంత పన్ను కోసం

మా సైన్సు మేష్టారు మొన్న పోయారు. ఫ్యాక్టరీ కాలనీ సెక్టర్ 7 క్వార్టర్లో పొద్దున్నే టీ తాగుతూ ఒరిగిపోయారట. కబురు నాకు డ్యూటీలో అందింది. కాంట్రాక్టు కూలీకి అప్పటికప్పుడు సెలవెవడిస్తాడు? షిఫ్టు దిగాకే వెళ్ళాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

వీధిలో ఆయన ‘మట్టి మేష్టారు’. ఎండాకాలం సెలవుల్లో షాడోల్ వైపు రైలెక్కి, అక్కడి ఎర్రమట్టి బస్తాల్లో తెచ్చేవారు. నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, మిగిలిన రవ్వను భూతద్దం కింద ఏరేవారు.

“సోనా మిలా, మాస్టర్‌జీ?” అని, బంగారం దొరికిందా అని, హిందీలో అడిగేది పక్కింటి దీదీ.

“పన్ను దొరికితే చాలమ్మా.”

ఆ పన్ను కథ నాకు చెప్పేవారు: డైనోసార్లు అప్పుడప్పుడే పుడుతున్న కాలంలో చుంచెలకంత జంతువులుండేవి. పాలిచ్చే జంతువులకు దగ్గరి చుట్టాలు. ఆ కుటుంబమంతా అంతరించింది. మిగిలినవి ఆవగింజంత పళ్ళే. మన దవడపన్ను వేరు చీలి ఉంటుంది. వాటి వేరు చీలబోయి, గాడి పడి, అక్కడే ఆగిపోయింది.

“అంటే ఏటి మేష్టారూ?”

“నీలాగే కాంట్రాక్టోళ్ళురా. పర్మనెంటవనేదు.”

నాకు మండింది. “అందుకేనా పోయారు?”

“పర్మనెంటోడూ పోతాడు. కోపం తర్వాత పడుదువుగాని, ముందు జల్లెడ పట్టు.”

పదో తరగతి తప్పి బడి మానేసిన నాకు పుస్తకాలిచ్చిందీ, చదవకపోతే తిట్టిందీ ఆయనే.

మేష్టారి భార్యను పిన్ని అని పిలిచేవాణ్ణి. ఒకసారి ఊరి నుంచి వచ్చిన పిన్ని చెల్లెలు నానబెట్టిన బకెట్టు చూసి ఎర్రమన్నే కదా అని గుమ్మమంతా అలికేసి ముగ్గు పెట్టింది. మేష్టారు గుమ్మం దగ్గర బోర్లా పడుకుని ముగ్గంతా భూతద్దంతో వెతికారు. మేమంతా పెరటి దారినే తిరిగాం.

ఇన్నేళ్ళలో రాయైపోయిన చేప పొలుసులు దొరికాయి. ఆ పన్ను దొరకలేదు.

దినాలయ్యాక క్వార్టర్ ఖాళీ చెయ్యడానికి లారీ వచ్చింది. కడగని బస్తాలు రెండు మిగిలాయి.

“మట్టి కూడా మోసుకుపోతామేటి? కాలవలో పారీండి” అన్నాడు పిన్ని తమ్ముడు.

నేను బస్తా మీద కూర్చున్నాను. “ముట్టుకో చూద్దాం!”

“ఎవడ్రా నువ్వు? ఏటవుతావు ఆయనకి?”

బస్తా మూతి గట్టిగా పట్టుకున్నాను. పిన్ని కొంగు దోపుకుని వచ్చింది.

“పారబోసీదే అయితే కడిగీసే పారబోద్దాం. ఉంటే ఉంటాది, నేకపోతే నేదు. తమ్ముడా, నీళ్ళు పట్టు.”

లుంగీ ఎగ్గట్టి బకెట్లు మోసింది అతనే. సాయంత్రానికి కాలవ ఎర్రగా పారింది. రవ్వ ఆరితేగాని భూతద్దం కింద ఏరలేం; అందాకా లారీవాడు ఆగనన్నాడు. పిన్ని దాన్ని తడిగానే గుడ్డలో మూటగట్టి, ముందు సీట్లో ఒళ్ళో పెట్టుకుంది.

లారీ కదిలింది. మూటలోంచి నీళ్ళు కారి ఆమె తెల్లచీర తడుస్తోంది. రెండు చేతులూ మూట చుట్టే ఉన్నాయి.